యూనివర్సిటీ నుంచి వచ్చే ఆదివారం ఫోను

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. నవ్వి ఊరుకోను, వాదనకు కూడా దిగుతాను. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. ఒకసారి మా కాలనీలో ఒక బాబా దిగి, కొబ్బరికాయ మీద నీళ్లు చల్లి మంట పుట్టించాడు. ఆ పీచులో సోడియం ముక్క దాచాడని మా స్కూలు గ్రౌండ్‌లో పిల్లల ముందు చేసి చూపించాను. ఆ బాబాకు అప్పటికే భక్తురాలైపోయిన మా అత్తగారు చాలా రోజులు నాతో ముభావంగా ఉంది.

అందుకే ఇది రాయడానికి ఇంత కాలం పట్టింది. మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా చదివితే ఏమంటారో నాకు తెలుసు. అననీ. జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు తోచని కారణం మీకు తోస్తే సంతోషమే.

మాది దంతాలపల్లి దగ్గర చిన్న ఊరు. బాపు మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఉన్న కాస్త చెలకలో పత్తి, మిర్చి వేస్తుంది, తన పని లేని రోజుల్లో కూలికి పోతుంది. నేను పెద్దదాన్ని. నా తర్వాత చాలా ఏళ్లకు పుట్టింది లావణ్య. అమ్మ చేనుకు పోతే దాన్ని చంకనెత్తుకుని తిరిగింది నేనే.

అది ఉత్త వాగుడుకాయ. నిద్రలో కూడా మాట్లాడేది. ఊళ్లో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు దీనికే తెలిసేది. కనిపించిన ప్రతి ఆడమనిషినీ అక్క అనో, చిన్నమ్మ అనో పిలిచి కబుర్లు పెట్టేది. జనగామలో గురుకుల కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలన్నింట్లో బహుమతి దానిదే. ఆ స్టీలు గిన్నెలు, గోడ గడియారాలు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి.

ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాసి, ఉత్తరాదిన ఒక పెద్ద యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. పేరు రాయను. పేపర్లో కనిపించే పెద్ద పెద్ద ఆఫీసర్లు, టీవీలో మాట్లాడే మేధావులు చాలామంది అక్కడివాళ్లే. మా జిల్లాలో దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. తెలిశాక మాత్రం ఆగలేదు. దంతాలపల్లి సెంటర్‌లో లావణ్య ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. మరిపెడలో సన్మానం చేసి శాలువా కప్పారు. బొగ్గుబావిలో పనిచేసే మా ఆయనను తోటివాళ్లు "గా యూనివర్సిటీ పిల్ల బావ" అని పరిచయం చేయడం మొదలుపెట్టారు. ఆయనా కాదనలేదు. మా కుటుంబంలో ఎవరికీ దక్కని గౌరవం అది. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి.

వెళ్లిన కొత్తలో నాకూ, అమ్మకూ రోజూ ఫోన్ చేసేది. తర్వాత నాకు తగ్గించింది. మెసేజ్ పెడితే ఒక ముక్కలో జవాబు వచ్చేది. చదువు ఎక్కువైందనుకున్నాను. దసరా సెలవులకు టికెట్ దొరకలేదని రాలేదు. ఆ తర్వాత మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి. నేను పెద్దగా కంగారు పడలేదు, ఎందుకంటే అమ్మకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వస్తూనే ఉంది.

అమ్మది బటన్ల ఫోన్. అందులో పేర్లు సేవ్ చేసి పెట్టింది నేనే. ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి అమ్మ పశువుల కొట్టం దగ్గరకు పోయి మాట్లాడుతుంది. నేను ఊరికి వెళ్లినప్పుడు రెండు మూడుసార్లు చూశాను. దూరం నుంచి అమ్మ నవ్వు వినిపించేది. వచ్చి చెప్పేది: దానికి బోలెడంత మంది దోస్తులట, పెద్ద పెద్దోళ్ల పిల్లలు దాన్ని తమ గదులకు పిలుస్తారట, సార్లు కూడా దాన్ని పేరు పెట్టి పలకరిస్తారట.

చలికాలం చివరి రోజుల్లో ఒకనాడు స్కూల్లో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. హాస్టల్ వార్డెన్. మర్యాదగా, నెమ్మదిగా ఇంగ్లిష్‌లో చెప్పింది. మీ చెల్లెలు కొన్ని నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, మాట్లాడకపోవడమంటే అలగడం కాదు, అసలు నోరు తెరవడం లేదు, వచ్చి తీసుకెళ్తే మంచిది అంది.

ఎవరో వేరే పిల్ల గురించి నాకు చేసిందేమో అనుకున్నాను. పేరు మళ్లీ అడిగాను. లావణ్యే.

వెంటనే అమ్మకు చేసి, లావణ్య మాట్లాడిందా అని అడిగాను.

"మొన్న ఐతారం గంటసేపు మాట్లాడింది బిడ్డ. గలగల నవ్వుకుంట. ఎందుకడుగుతున్నవ్?"

ఏం లేదమ్మా అని పెట్టేశాను. అమ్మను పరేషాన్ చేయడం ఇష్టం లేక, వెళ్తున్నట్టు చెప్పలేదు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పకుండా మహబూబాబాద్‌లో రైలెక్కాను.

ఆ యూనివర్సిటీ చూడటానికి బాగుంటుంది. కోసినట్టున్న గడ్డి, ఎర్రటి పాత భవనాలు, చెట్ల కింద గుంపులుగా కూర్చున్న పిల్లలు. అందరివీ మాసిన బట్టలు, అరిగిన చెప్పులు. మా వైపు పిల్లలే నయం, ఇస్త్రీ బట్టలేసుకుని కాలేజీకి పోతారు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అలా ఉండటానికి కూడా అక్కడ ఒక తాహతు కావాలి. ఎవరూ గొంతు పెంచరు. ఎవరూ ఎవర్నీ కులం అడగరు. ఏ స్కూల్లో చదివావని అడుగుతారు, అంతే. జవాబుగా చెప్పదగిన స్కూళ్లు దేశం మొత్తంలో కొన్నే ఉంటాయి.

లావణ్య గదిలో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చిక్కిపోయింది. దగ్గరకు తీసుకుంటే నా భుజం మీద తల పెట్టింది. కళ్లు తుడుచుకుంది. ఎన్ని అడిగినా పెదవులు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను చూసి అది అక్కా అనకపోవడం అదే మొదటిసారి.

గదిలో దానితో పాటు ఉండేది కోస్తా వైపు అమ్మాయి, పేరు హర్షిత. పుట్టి పెరిగింది పెద్ద నగరాల్లోనే అయినా తెలుగు బాగా మాట్లాడుతుంది. కారిడార్‌లోకి తీసుకుపోయి అడిగితే, దాచకుండా చెప్పింది.

అక్కడ ఒక ఆచారం ఉందట. కొత్తగా చేరినవాళ్లు ఒక్కొక్కరూ హాస్టల్ మెట్ల మీద నిలబడి సీనియర్ల ముందు తమ గురించి చెప్పుకోవాలి. ఏడిపించడం, కొట్టడం లాంటివేం ఉండవు. అందరూ టీ తాగుతూ వింటారు. అక్కడ సీనియర్లనైనా, టీచర్లనైనా సరే పేరు పెట్టే పిలవాలి. వరసలు కలపడం, మేడమ్ అనడం, పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడటం మొరటుతనం కింద లెక్క. ఇది ఎవరూ చెప్పరు, తెలిసి ఉండాలి.

మా లావణ్యకు తెలియదు. మెట్ల మీద నిలబడి, గురుకులంలో నేర్పినట్టు చేతులు కట్టుకుని, "నమస్తే అక్కలూ" అని మొదలుపెట్టిందట. ఆ తర్వాత కూడా సీనియర్ వచ్చిన ప్రతిసారీ కూర్చున్నది లేచిందట. అందరూ తెగ ముచ్చట పడ్డారట.

"ఎవరూ చెడ్డగా అనలేదండీ, ఒట్టు. అందరికీ తనంటే చాలా ఇష్టం. అప్పటి నుంచి అందరం తనను అక్కా అనే పిలిచేవాళ్లం. సీనియర్లు, మెస్ వాళ్లు, టీచర్లు కూడా. ప్రతి పార్టీకీ పిలిచేవారు. తన యాసలో మాట్లాడమని అడిగేవారు. తను మాట్లాడితే అందరూ తనలా అనేవాళ్లం. సరదాకేనండీ."

చివరగా లావణ్య మాట విన్నది ఎప్పుడని అడిగాను. బతుకమ్మ రోజుల్లోనట. మీ పూల పండుగ చేసి చూపించమని ఎవరో అడిగితే, లాన్‌లో ఉన్న పూలు కోసి ప్లేటులో పేర్చి పాట పాడిందట. మధ్యలో ఎవరో నవ్వారు. ఇదీ నవ్వింది. పాట ఆపేసి లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మాట లేదు.

"మరి ఇన్ని నెలలు ఎవరికీ తెలియలేదా?" అన్నాను.

హర్షిత తల దించుకుంది. అక్కడ మాట్లాడకుండా ఉండేవాళ్లు చాలామంది ఉంటారట. లోతైన మనిషి అనుకుంటారట. లావణ్యను కొందరు అంతకుముందు కంటే ఎక్కువ గౌరవించారు కూడా అంది. నాకు అక్కడే ఏదైనా పగలగొట్టాలనిపించింది. పగలగొట్టడానికి అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు లేరు, అదీ నా ఖర్మ.

మర్నాడు ఆదివారం. లావణ్య బట్టలు సర్దాను. దాని ఫోన్ అల్మరా అడుగున చలి దుప్పట్ల కింద దొరికింది. ఛార్జింగ్ ఎప్పుడో చచ్చిపోయింది. పెట్టి చూస్తే వేసిన రీఛార్జి కూడా ఎప్పుడో అయిపోయింది. బతుకమ్మ తర్వాత అమ్మకు చేసిన కాల్ ఒక్కటి కూడా అందులో లేదు. చెరిపేసి ఉంటుందనుకున్నాను. ఫోన్ ఆపేసి నా బ్యాగులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇద్దరం హాస్టల్ ముందు గడ్డిలో ఎండకు కూర్చున్నాం. దాని తలకు నూనె రాస్తున్నాను. అమ్మ గుర్తొచ్చి ఫోన్ చేశాను. బిజీ వచ్చింది. మళ్లీ చేశాను, బిజీ. లావణ్య నా మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉంది. దాని ఫోన్ నా బ్యాగులో, బ్యాగు నా తొడ కింద. ఇది ఎన్నిసార్లు ఎవరడిగినా ఇలాగే చెబుతాను.

చాలాసేపటికి అమ్మ ఎత్తింది. గొంతులో సంతోషం.

"గిప్పుడే చిన్నది మాట్లాడి పెట్టింది బిడ్డ. నాతోని ఒక్క మాట చెప్పకుండ పోతివి గదనే! నువ్వు పచ్చ చీర కట్టుకోని దాని పక్కన్నే కూసున్నవట. అక్క బాగ బక్కగైందని ఒకటే రంది పడుతున్నది."

నేను పచ్చ చీరలోనే ఉన్నాను. అమ్మకు నేను భూపాలపల్లిలో ఉన్నట్టే తెలుసు. చుట్టూ చూశాను. మిట్టమధ్యాహ్నం. ఎండలో పుస్తకాలు చదువుకునేవాళ్లు, కుక్కపిల్లతో ఆడుకునేవాళ్లు. మా వైపు ఎవరూ చూడటం లేదు.

మీకు వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. దాని యాస అనుకరించడం ఆ హాస్టల్లో అందరికీ ఆటే కదా. వాళ్లలో ఎవరో మా అమ్మకు ఫోన్ చేసి ఆడుకుంటున్నారు. కోపంతో ఊగిపోతూ గదికి పోయి హర్షితను నిలదీశాను. ఆ పిల్ల భయపడి ఏడ్చేసింది. తన ఫోన్ నా చేతిలో పెట్టింది. మా అమ్మ నంబరే వాళ్లలో ఎవరికీ తెలియదు. పైగా అనుకరించేవాళ్లకు మా బర్రె దూడ పేరు ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు లావణ్యను ఏ మూల పడుకోబెట్టామో ఎలా తెలుస్తుంది? ఆ ఆదివారాల్లో ఇవన్నీ మాట్లాడుకున్నామని అమ్మ నాకు తర్వాత చెప్పింది.

లావణ్యను ఇంటికి తీసుకొచ్చాను. గడపలో దాన్ని చూసి అమ్మ మొదట మురిసిపోయింది. చెప్పకుండా వచ్చావేమే అని నవ్వింది. అది మాట్లాడకుండా నిలబడేసరికి నా వైపు చూసింది. ఉన్నదంతా చెప్పాను. అమ్మ నమ్మలేదు. "మొన్ననే మాట్లాడె గదనే" అని దాని గదుమ పట్టుకుని బతిమాలింది. ఆ రోజు అమ్మ ఏడ్చిన ఏడుపు బాపు పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

వచ్చిన తర్వాతి ఆదివారం, లావణ్య మంచం మీద కూర్చుని ఉండగానే అమ్మ ఫోన్ మోగింది. స్క్రీన్ మీద లావణ్య పేరు. నేనే సేవ్ చేసిన పేరు. అమ్మ కూతురి వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది. ఫోన్ పట్టుకుని కొట్టం దగ్గరకు పోయింది.

హన్మకొండలో డాక్టర్లకు చూపించాం. గొంతులో లోపం లేదన్నారు. మానసిక వైద్యుడు మందులు రాశాడు, ఓపిక పట్టమన్నాడు. పడుతూనే ఉన్నాం. ఆ ఫోన్ల సంగతి ఆయనకు కూడా చెప్పాను. అమ్మకే ఏదో భ్రమ అన్నాడు. నేనూ ఆ మాటే పట్టుకుందామని చూశాను. కానీ మోగడం నేను విన్నాను, పేరు నేను చదివాను. లావణ్య సిమ్ తీసి కత్తెరతో ముక్కలు చేశాను. ఆ నంబరుకు నేను చేస్తే మనుగడలో లేదని వస్తుంది. అటు నుంచి మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. మహబూబాబాద్‌లో మొబైల్ షాపు అతనికి చూపిస్తే, అమ్మ ఫోన్ తిప్పి తిప్పి చూసి, కొత్తది కొనుక్కోమన్నాడు. కొన్నాం. అందులోనూ వస్తుంది.

ఊళ్లో ఎవరికీ నిజం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇంట్లో కూర్చుని పెద్ద పరీక్షలకు చదువుకుంటోందని అమ్మ ఒక్కసారి అంది, అంతే. నోరు తెరవకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. అంత పెద్ద చోట చదివినవాళ్లు అందరితో మాట్లాడతారా అని వాళ్లే సర్దిచెప్పుకున్నారు. ఇప్పటికీ దేవరుప్పుల నుంచి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. "మా బిడ్డకు జర రెండు ముక్కలు చెప్పు బిడ్డ" అంటారు. లావణ్య ఆ పిల్లల తల మీద చెయ్యి వేస్తుంది. వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. పోయినేడు వచ్చిన ఒక పిల్లకు ఈ ఏడాది అదే యూనివర్సిటీలో సీటు వచ్చింది. వాళ్ల నాన్న స్వీటు డబ్బా పట్టుకొచ్చి లావణ్య చేతిలో పెట్టాడు. ఆ పిల్ల గడపలో నిలబడి, "పోయొస్త అక్కా" అంది. లావణ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అందరూ ఆశీర్వాదమనుకున్నారు. ఆ పిల్లను ఆపమని నేను చెప్పి ఉంటే, కడుపుమంటతో చెప్పాననేవారు.

ఇన్నాళ్లూ ఆ ఆదివారం ఫోన్ నేను ఎత్తలేదు. సైన్సు టీచర్ని, ఎత్తితే తేలిపోతుంది కదా అని మీరనవచ్చు. తేలిపోతుందనే ఎత్తలేదు.

మొన్న సెలవులకు ఊరికి పోయాను. ఆదివారం అమ్మ పక్కవాళ్ల చేనులో మిర్చి ఏరడానికి పోయింది, ఫోన్ ఇంట్లో మరిచిపోయింది. లావణ్య, నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయ ఒలుస్తున్నాం. మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. కొట్టం దాకా పోలేదు. అరుగు మీదే ఎత్తాను.

"అక్కా!"

అదే గొంతు. జనగామ బస్సు దిగి ఊరి మొదట్లోనే కేకేసేది చూడండి, ఆ గొంతు. నాకు ఒళ్లంతా చెమట పట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండూ ఒకేసారి. ఎవరు నువ్వు అని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగలేదు. బాగున్నావా అన్నాను. అది ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. మెస్‌లో ఏం వండారో, చలికి చేతులు ఎలా పగిలాయో, ఎవరి పుట్టినరోజుకు ఎవరు పిలిచారో. ఫోన్ శబ్దం పెద్దది, ప్రతి మాటా అరుగంతా వినబడుతోంది. ఎదురుగా లావణ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"ఇంటికెప్పుడొస్తవే?" అన్నాను.

"వచ్చి ఏం జేయాలక్క? ఈడ నేనంటే అందరికి పాణం. నేను నోరు తెరిస్తే చాలు, అందరు నవ్వుతరు."

లావణ్య ఒలిచిన గింజల గిన్నె తీసుకుని లేచి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

అది ఎవరి గొంతో, ఎక్కడ నుంచి వస్తోందో నాకు తెలియదు. నా చదువుతో, నా పాఠాలతో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. దయ్యమంటే చచ్చిపోయినవాళ్లు అంటారు. మా చెల్లెలు బతికే ఉంది, మా ఇంట్లోనే ఉంది. చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాక ఆ రోజు కాల్ దానంతట అదే కట్టయింది.

పొద్దు గూకే వేళకు అమ్మ చేను నుంచి వచ్చింది. చేతులు మిర్చి ఘాటుకు మండుతుంటే కడుక్కుంటూ, ముందు ఫోన్ సంగతే అడిగింది.

"చిన్నది చేసిందా? ఏమన్నది బిడ్డ?"

తలుపు వెనక లావణ్య ఉంది. వింటోందని నాకు తెలుసు.

"మంచిగనే ఉన్నదటమ్మా" అన్నాను.